రాక్‌కు ఇప్పుడు గిరాకీ ఉందా? ర్యాప్, పాప్, సినిమా పాటలతో ఒక పోలిక

గడిచిన ఏడాదిలో ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. మొదటివారు నా దగ్గర గిటారు నేర్చుకునే తొమ్మిదో తరగతి పిల్లవాడి నాన్నగారు. కొడుక్కి ఎలక్ట్రిక్ గిటారు కొనాలా వద్దా అని ఆయనకు తేలడం లేదు. తరగతి అయ్యాక గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగి, "మాస్టారూ, ఈ రాక్ అనేది ఇప్పుడు ఎవరైనా వింటున్నారా?" అన్నారు. రెండోసారి అడిగింది నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్ల బ్యాండు. మూడోసారి ఒక కళాశాల సాంస్కృతిక కమిటీ కార్యదర్శి. వార్షికోత్సవానికి బ్యాండును పిలవాలా, ర్యాపరునా, డీజేనా అన్నది ఆ అమ్మాయి చిక్కు.

ముగ్గురికీ మూడు వేర్వేరు జవాబులు చెప్పాను. మాట మార్చానని అనుకోవద్దు. గిరాకీ అనే మాట ఒకటే అయినా, ఆ ముగ్గురూ అడుగుతున్న గిరాకీ ఒకటి కాదు. మీరు కూడా ఈ నాలుగైదు దారుల మధ్య నిలబడి తల గోక్కుంటున్నట్టయితే, ముందు మీరు ఏ గిరాకీ గురించి అడుగుతున్నారో తేల్చుకోండి.

ముందు తూకపు రాయి చూడండి

అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం హాట్ 100 అనే జాబితా వేస్తుంది. 1964 ఏప్రిల్ 4 నాటి ఆ జాబితాలో మొదటి ఐదు స్థానాలూ బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్‌వే. ఆ రోజుల్లో అమెరికాలో ఆ స్థానాలు దక్కాలంటే జనం కొట్టుకు వెళ్లి ఒక్కో పాట రికార్డును విడిగా కొనాలి, రేడియోవాళ్లు పదే పదే వెయ్యాలి. 2022లో అదే జాబితాలో మొదటి పది స్థానాల్లోనూ టేలర్ స్విఫ్ట్ పాటలే నిలిచాయి. ఇప్పుడు ఆల్బమ్ విడుదలైన రాత్రి అభిమాని మొదటి పాట నొక్కి ఫోను పక్కన పెట్టేస్తే చాలు, చివరి పాట దాకా అన్నీ లెక్కలోకి వెళ్తాయి. ఎవరు గొప్ప అన్న తగవు పెట్టుకొనే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం లెక్కలో 1,500 స్ట్రీములు (నెట్‌లో పాట ఒకసారి వింటే ఒక స్ట్రీము) ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానం. కళాశాల రోజుల్లో నేనొక రాక్ క్యాసెట్టు కొని, టేపు సాగి గాయకుడి గొంతు నూతిలోంచి వస్తున్నట్టు వినిపించేదాకా విన్నాను. ఆ ఊపంతా కలిపి లెక్కకు ఒక్క అమ్మకమే. ఇప్పటి కుర్రవాడు వ్యాయామశాలలో ఒకే ర్యాప్ పాటను రోజుకు పదిసార్లు వింటే పదిసార్లూ లెక్కే. కొని దాచుకొనే అలవాటున్న శ్రోతలది పాత రాయి, తిప్పి తిప్పి వినే శ్రోతలది కొత్త రాయి. రాక్ అభిమానుల్లో మొదటిరకం వాళ్లు ఎక్కువ.

రాయి మారడం కూడా ఇది మొదటిసారి కాదు. 1991 మే వరకు బిల్‌బోర్డ్ ఆల్బమ్ జాబితా కొట్లవాళ్లు చెప్పిన మాట మీద నడిచేది. ఆ నెలలో సౌండ్‌స్కాన్ అనే లెక్కింపు పద్ధతి వచ్చి, బిల్లు కౌంటరు దగ్గర బార్‌కోడ్ పడిన ప్రతి ప్రతినీ లెక్కపెట్టడం మొదలైంది. జూన్‌లోనే ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ కంట్రీ (అమెరికా పల్లెపాటల బాణీ) ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలోనే దిగింది. జనం అభిరుచి నెలరోజుల్లో మారిపోలేదు. అంతకుముందు ఆ జనాన్ని ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు, అంతే.

ఇక అందరూ ఎత్తి చూపే సంవత్సరం 2017. నీల్సన్ సంస్థ సంవత్సరాంతపు లెక్కలో అమెరికా మొత్తం వినికిడిలో ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్), హిప్‌హాప్ (ర్యాప్ ఈ కోవదే) కలిసి 24.5 శాతం, రాక్ 20.8 శాతం. రాక్ రెండో స్థానానికి దిగడం అదే తొలిసారి. రాక్ చచ్చిపోయిందన్న శీర్షికలు అప్పుడు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అదే లెక్కలో ఆల్బమ్‌ల కొనుగోలు వరకు చూస్తే పైచేయి ఇంకా రాక్‌దేనన్న సంగతి ఆ శీర్షికల్లోకి ఎక్కలేదు.

అందుకని నేను అయిదు ప్రశ్నలు విడివిడిగా వేస్తాను. ఈ సంగీతాన్ని జనం రోజూ ఎంత వింటున్నారు? పాత పాటలు ఏళ్ల తరబడి డబ్బు తెస్తాయా? టికెట్టు కొని వస్తారా? మొదలుపెట్టడానికి ఎంత అవుతుంది, వచ్చింది ఎంతమంది పంచుకోవాలి? చివరిది, మన ఊళ్లో, మన భాషలో దానికి చోటుందా?

| | రోజువారీ వినికిడి | పాత పాటల విలువ | టికెట్లు | మొదటి ఖర్చు, పంపకం | తెలుగునాట చోటు |
|---|---|---|---|---|---|
| రాక్ | తగ్గింది, చిన్నది మాత్రం కాదు | అన్నిటికన్నా గట్టిది | పాత పేర్లకు అపారం, కొత్తవాళ్లకు కష్టం | ఖర్చు ఎక్కువ, నలుగురైదుగురి వాటా | సన్నని దారి |
| హిప్‌హాప్ | చాలా ఎక్కువ | పెరుగుతోంది | పెద్ద పేర్లకు బాగా | తక్కువ ఖర్చు, ఒక్కరు చాలు | యువతలో పెరుగుతోంది |
| పాప్ | చాలా ఎక్కువ | గాయకుణ్ని బట్టి | ఇప్పుడు శిఖరంలో ఉంది | ప్రచారానికే ఎక్కువ ఖర్చు | సినిమా పాటలో కలిసిపోయింది |
| కంట్రీ, లాటిన్ | వాళ్ల బజారులో గట్టిగా | బాగానే | బాగానే | మధ్యరకం | దాదాపు లేదు |
| డీజే సంగీతం | మధ్యరకం | తక్కువ | రాత్రి లెక్కన బాగా | ఒక్కరు, ఒక లాప్‌టాప్ | పబ్బులు, పెళ్లిళ్లు |
| తెలుగు సినిమా పాట | ఇక్కడ దీనిదే రాజ్యం | గట్టిది, హక్కు సంస్థలది | గాయకుల కచేరీలకు బాగా | అవకాశం దొరకడమే పెట్టుబడి | అంతా ఇదే |

రాక్: తాత నాటిన కొబ్బరితోట

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెతకు సంగీత వ్యాపారంలో రాక్‌ను మించిన ఉదాహరణ లేదు. ఈగల్స్ బృందం 1971–75 మేటి పాటల సంకలనానికి 2018లో అమెరికాలో 38 రెట్ల ప్లాటినం గుర్తింపు వచ్చింది. అంటే 3.8 కోట్ల ప్రతులకు సమానం. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' దాని వెనకే ఉంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2021లో తన పాటల హక్కులను సోనీకి ఇచ్చినప్పుడు వార్తల్లో వినిపించిన ధర దాదాపు 50 కోట్ల డాలర్లు. 2024లో క్వీన్ బృందం హక్కులకు సుమారు 100 కోట్ల పౌండ్లు, పింక్ ఫ్లాయిడ్ రికార్డింగులకు సుమారు 40 కోట్ల డాలర్లు పలికాయి. అంత డబ్బు పెట్టేవాళ్లకు పాతకాలపు మోజు ఏమీ లేదు. కొబ్బరితోట కొనేవాడు చెట్టు వయసు చూడడు, ఏటా ఎన్ని కాయలు దిగుతాయో చూస్తాడు. ఈ పాటలు సినిమాలకు, ప్రకటనలకు, ఫోనుల్లో వినికిడికి ఏటా దిగుబడి ఇస్తూనే ఉన్నాయి. మెటాలికా 1986లో చేసిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఒక వెబ్ సిరీస్‌లో వినిపించాక, 36 ఏళ్ల తరవాత 2022లో హాట్ 100 జాబితాకు ఎక్కింది.

టికెట్ల సంగతీ అంతే. యూ2 బృందం 2009–11 యాత్ర 110 ప్రదర్శనలతో 73.6 కోట్ల డాలర్లు తెచ్చి చాలాకాలం రికార్డుగా నిలిచింది. గన్స్ ఎన్ రోజెస్ పాత సభ్యులు మళ్లీ కలిసి 2016–19లో చేసిన యాత్రకు 58 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. కోల్డ్‌ప్లే గత యాత్ర 100 కోట్ల డాలర్లు దాటింది. ఆ బృందం 2025 జనవరిలో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో పాడినప్పుడు ఒక్కో రోజు లక్ష మందికి పైగా వచ్చారు. కోల్డ్‌ప్లేను రాక్ అనాలా పాప్ అనాలా అని నా శిష్యులు కొట్టుకుంటారు. వాళ్లను కొట్టుకోనివ్వండి.

ఇంతవరకు చదివి రాక్‌కు తిరుగు లేదనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. పైన చెప్పిన పేర్లు మళ్లీ చూడండి. వాళ్లలో ఈ పదేళ్లలో మొదలైనవాళ్లు ఒక్కరూ లేరు. రాక్‌కు ఆస్తి ఉంది, కొత్త సంపాదన తక్కువ. ఆ ఆస్తి కాగితాలు మీ పేరున లేవు.

ఇది ఎందుకిలా జరిగిందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఇరవై ఏళ్ల కుర్రవాడికి రాక్ వినాలనిపించిందనుకోండి. అతని ఫోనులో, అదే నెలచందాకు, గత అరవై ఏళ్లలో వచ్చిన గొప్ప రాక్ అంతా ఉంది. మీ బ్యాండు నిన్న విడుదల చేసిన పాట ఆ వరసలో చివర నిలబడాలి. ఒకప్పుడు కొట్లో పాత రికార్డు దొరక్క కొత్తది కొనేవాళ్లు. ఇప్పుడు పాతది దొరకకపోవడం అంటూ లేదు. మీకు అసలు పోటీ పక్కింటి ర్యాపరు అనుకుంటున్నారేమో, అసలు పోటీ 1976 నాటి పాట. ర్యాప్ అభిమానికి ఈ వారం ఏమి వచ్చిందన్నది ముఖ్యం. రాక్ అభిమానికి ఏది నిలిచిందన్నది ముఖ్యం. వ్యాపారరీత్యా ఈ ఒక్క అలవాటు తేడాతోనే కొత్తవాళ్ల బతుకులు తారుమారవుతున్నాయి. విడుదలై పద్దెనిమిది నెలలు దాటిన పాటలను పాతవిగా లెక్కిస్తే, అమెరికాలో మొత్తం వినికిడిలో డెబ్భై శాతానికి పైగా వాటిదే.

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వెళ్లాం. బస్సులో సగం మంది నల్ల టీషర్టులే. ప్యాలెస్ మైదానంలో కనుచూపు మేర అదే నలుపు. ఆ ఊపులోనే పక్క వారం మా స్నేహితుల బ్యాండు హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో వాయిస్తుంటే చూడటానికి వెళ్లాం. నలభై మంది ఉన్నారు. అందులో డ్రమ్స్ వాయించే అబ్బాయి వాళ్ల అమ్మగారు, పిన్నిగారు కూడా ఉన్నారు. ఆ మైదానానికీ ఈ హాలుకీ మధ్య ఉన్న దూరమే రాక్ వ్యాపారం మొత్తం.

అన్నిచోట్లా ఇలాగే ఉందనుకోవద్దు. జపాన్‌లో బ్యాండులకు ఇప్పటికీ మంచి గిరాకీ. మిసెస్ గ్రీన్ యాపిల్ లాంటి బృందాలు అక్కడి స్ట్రీమింగ్ జాబితాల పైవరసలో కూర్చున్నాయి. వాళ్లు తమ భాషలో, తమ టీవీ కథలకు, యానిమే బొమ్మల కథలకు పాటలు కట్టి గెలుస్తున్నారు.

హిప్‌హాప్: చేతిలో మైకు, నోట్లో మాట

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ వేడుకతో పుట్టిందని చెప్పే ఈ సంగీతానికి మొదటి బలం పేదరికంలోనే వచ్చింది. పక్కవాయిద్యం కొనక్కర్లేదు. ఈరోజు కూడా ఒక మైకు, ఒక కంప్యూటర్, చెప్పడానికి ఒక సంగతి ఉంటే పాట తయారవుతుంది. నలుగురి సమయం కుదరాలని ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. ఒకరి పాటలో ఇంకొకరు నాలుగు చరణాలు పాడితే ఇద్దరి అభిమానులూ ఆ పాట వింటారు. రాక్ బ్యాండుల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలా అరుదు.

తెలుగుకు ఇది బాగా అతుకుతుంది. ఆశువుగా పద్యం చెప్పడం, ప్రాస మీద మాట విసరడం మనకు కొత్త విద్యలు కావు. హైదరాబాద్ నుంచి రోల్ రైడా, నోయెల్ లాంటివాళ్లు ఆ దారి తీశారు. వాళ్ల తరవాత వచ్చినవాళ్లు సొంత బస్తీ యాసలోనే చెప్తున్నారు. ఆంగ్లంలో రాక్ పాడే తెలుగు బ్యాండుకు దొరకని దగ్గరతనం ఇక్కడ మొదటి పంక్తిలోనే దొరుకుతుంది.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, ఈ సింహాసనం కూడా కదులుతోంది. 2023లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ జాబితాలో మొదటి స్థానానికి ఒక ర్యాప్ ఆల్బమ్ రావడానికి జూలై దాకా పట్టింది. 2025 అక్టోబరులో ఒక వారం హాట్ 100 మొదటి నలభైలో ఒక్క ర్యాప్ పాటా లేదు. 1990 తరవాత అలా జరగడం అదే మొదటిసారి. జాబితా నిబంధన ఒకటి అప్పుడే మారడం కూడా అందుకు కొంత కారణం. మళ్లీ తూకపు రాయి సంగతే.

రెండోది హక్కులు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు నెట్‌లో బీటు (పాట వెనక నడిచే వాయిద్యం) కొని దాని మీద తెలుగు పాట కట్టాడు. పాట బాగానే పోతోంది. ఆరు నెలలకు అదే బీటు మీద ఇంకో భాషలో ఇంకొకరి పాట వచ్చింది. పైగా అతని వీడియో మీదే హక్కుల ఫిర్యాదు పడింది. అతను కొన్నది వాడుకోవడానికి అనుమతి మాత్రమే. తక్కువ ధరకు దొరికే బీటు అదే ధరకు వందమందికి దొరుకుతుంది. తన ఒక్కడికే ఇచ్చేలా రాతపూర్వకంగా తీసుకోవాలి, లేదంటే వాయించేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని సొంతంగా చేసుకోవాలి.

పాప్: గిటారు ఇల్లు మారింది

పాప్ అనేది ఒక గంపగుత్త పేరు. ఏది అమ్ముడుపోతే అది అందులోకి వస్తుంది. యూ2 రికార్డును దాటిన ఎడ్ షీరన్ యాత్ర 2017–19లో 77 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. ఆయన వేదిక మీదికి వచ్చేది గిటారుతోనే. వాయించిన ముక్కను అక్కడికక్కడే పట్టి మళ్లీ మళ్లీ వినిపించే పెడల్‌ను కాలితో నొక్కుతూ, ఒక్కడే బృందమంత మోత పుట్టిస్తాడు. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిలిం సిటీలో పాడింది ఈయనే. టేలర్ స్విఫ్ట్ 2023–24 యాత్ర 149 ప్రదర్శనలకు 200 కోట్ల డాలర్లు దాటింది. ఆమె మొదలైంది కంట్రీ గిటారుతో. ఒలీవియా రోడ్రిగో 2021లో హాట్ 100 మొదటి స్థానానికి తెచ్చిన పాటల్లో ఒకదాన్ని కళ్లు మూసుకొని వింటే పాతికేళ్ల కిందటి పంక్ రాక్ బ్యాండు అనుకుంటారు. దాని మీద చీటీ పాప్ అని అంటించారు.

కాబట్టి రాక్ వాటా తగ్గిందన్న అంకె వెనక కొంత చీటీల మార్పు కూడా ఉంది. వాయిద్యం పోలేదు, బృందం పోయింది. ఇప్పుడు ముఖం ఒక్కటే కావాలి, పేరు ఒక్కటే కావాలి. నలుగురి ఫొటో కన్నా ఒకరి ఫొటో ఫోను తెరలో బాగా పడుతుంది. పాప్‌లోకి దిగాలనుకునేవాళ్లు పాట ఖర్చు కన్నా ప్రచారం ఖర్చుకు సిద్ధపడాలి.

కంట్రీ, లాటిన్, డీజే సంగీతం

వీటిని త్వరగా ముగిస్తాను. 2023 ఆగస్టు మొదట్లో హాట్ 100 మొదటి మూడు స్థానాలూ కంట్రీ పాటలవే, చరిత్రలో మొదటిసారి. 2024లో షబూజీ కంట్రీ పాట 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. టెక్సాస్‌లో ఉన్న మా అక్క కూతురు అక్కడి బడిస్నేహితుల పుణ్యమా అని ఈ పాటలు నోటికి పాడేస్తుంది, మాకు పేర్లు కూడా తెలియవు. లాటిన్ వైపు బ్యాడ్ బన్నీ 2020, 2021, 2022ల్లో వరసగా స్పాటిఫైలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ మంది విన్న గాయకుడు. పాటలు దాదాపు అన్నీ స్పానిష్‌లోనే. ఆంగ్లంలో పాడితేనే ప్రపంచం వింటుందనుకునే మన బ్యాండులు ఈ ఒక్క సంగతి గోడకు రాసుకోవాలి.

డీజే సంగీతానికి గోవాలో 2007లో మొదలైన సన్‌బర్న్ ఉత్సవం మన దేశంలో పెద్ద బజారు తెరిచింది. ఒక్క మనిషి, ఒక్క సంచి, విమానంలో ఒక్క టికెట్టు. నిర్వాహకులకు ఇంతకన్నా సుఖం ఉండదు. కాని రాత్రి గడిచాక పేరు గుర్తుండటం కష్టం. ఎక్కువమందికి సంపాదన అంతా రాత్రి లెక్కే.

మన దగ్గర అసలు బజారు

పైన చెప్పినదంతా అమెరికా లెక్క. తెలుగునాట ఏ పట్టిక వేసినా మొదటి వరస సినిమా పాటదే. మనవాళ్లకు రాక్ గిటారు తెలియదనడం పొరపాటు. హీరో ప్రవేశం పాటలో, క్లైమాక్సు ముందు వచ్చే కోపం పాటలో రోజూ వింటూనే ఉన్నారు. దాన్ని రాక్ అనరు, ఫలానా సినిమా పాట అంటారు.

అందుకే ఇక్కడ బ్యాండుకు సినిమా ఒక గమ్యం కూడా అవుతుంది. చౌరస్తా బ్యాండుతో జనానికి తెలిసిన రామ్ మిరియాల 2021లో 'జాతి రత్నాలు'లో 'చిట్టి' పాటతో ఇంటింటికీ చేరారు. బ్యాండు పేరుతో ఏళ్ల తరబడి చేసిన శ్రమ వృథా కాలేదు, అదే ఆయనకు గుర్తింపుకార్డు అయింది. ఇబ్బంది ఏమిటంటే, సినిమాలో పాట రికార్డింగు సాధారణంగా ఆడియో సంస్థ సొత్తు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా హక్కు దక్కింది. సొంత పాటలున్న బ్యాండులో రాసేవాళ్లు, బాణీ కట్టేవాళ్లు ముందుగా ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. నా దగ్గరికి వచ్చే పది బ్యాండుల్లో తొమ్మిది ఆ పేరే వినలేదంటాయి.

ఇంకొక సంగతి. స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు రికార్డింగు రాయల్టీ రాదు. కొత్త బ్యాండు పన్నెండు పాటల ఆల్బమ్ ఒకేసారి వదిలితే, అందులో ఎనిమిది ఆ గీత దాటకపోవచ్చు. రెండు నెలలకొక పాట వదిలి, ప్రతి పాటనూ వెయ్యి దాటించడం మేలు.

ఇంతకీ ఎవరికి ఏది?

*పిల్లలకు వాయిద్యం కొనే తల్లిదండ్రులకు.* గుమ్మంలో ఆగిన ఆ నాన్నగారితో, రాక్ గిరాకీ మీకు అక్కర్లేని లెక్క అన్నాను. గిబ్సన్ గిటార్ల సంస్థ 2018లో దివాలా పిటిషన్ వేస్తే గిటారు పని అయిపోయిందన్నారు. రెండేళ్లకే, జనమంతా ఇళ్లలో ఉండిపోయిన 2020లో ఫెండర్ సంస్థ తన చరిత్రలోనే ఎక్కువ అమ్మకాలు చేసింది. కొన్నవాళ్లలో చాలామంది మొదటిసారి వాయిద్యం పట్టినవాళ్లు. గిటారు నేర్చిన చేయి రాక్‌కూ పనికొస్తుంది, సినిమా స్టూడియోకూ, ర్యాపరు పక్కన కూర్చొని బీటు చేయడానికీ పనికొస్తుంది. అయితే మొదటి ఏడాది ఎలక్ట్రిక్ వద్దు. సాధారణ గిటారు మీద వేళ్ల కొనలు కాయలు కాయనివ్వండి. ఆ కాయలు మానకుండా ఉంటే, అంటే పిల్లవాడు రోజూ వాయిస్తున్నాడని తేలితే, అప్పుడు ఎలక్ట్రిక్ గిటారుతో పాటు చిన్న ఆంప్లిఫయరు కూడా కొనాలి. గిటారు ధర చూసుకొని ఆంప్లిఫయరు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

*బ్యాండు పెట్టాలనుకునే కుర్రకారుకు.* కాగితం మీద పంపకం వేసుకోండి. ఒక ప్రదర్శనకు 40,000 రూపాయలు ఇచ్చారనుకుందాం. డ్రమ్స్ అద్దె, వాటిని మోసుకొచ్చే ట్రాలీ ఆటో, రెండు రోజుల ప్రాక్టీసు గది, రాత్రి భోజనాలు పోగా నలుగురికి మిగిలేది తలా ఆరేడు వేలు. ఒక ర్యాపరు అదే వేదికకు 20,000 అడిగినా జేబులో దాదాపు అంతా మిగులుతుంది. ఈ లెక్క చూశాక కూడా బ్యాండే కావాలనిపిస్తే ఆపడానికి నేనెవర్ని? ఆ నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లకు మూడు షరతులు మాత్రం చెప్పాను: పాట తెలుగులో ఉండాలి, ముగ్గురితో సరిపెట్టుకోగలిగితే నాలుగో మనిషి వద్దు, ఎవరి వాటా ఎంతో మొదటి పాట విడుదలకు ముందే రాసి సంతకాలు పెట్టుకోవాలి. మూడో షరతు దగ్గర నలుగురూ నవ్వారు. తరవాత బాస్ గిటారు అబ్బాయి ఒక్కడే ఫోను చేసి ఆ కాగితం నమూనా పంపమన్నాడు.

*ఒంటరిగా, తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు.* ర్యాప్. ఇందులో నాకు అనుమానం లేదు. మాట మీద పట్టు లేకపోతే మాత్రం ఎంత మంచి బీటూ కాపాడలేదు.

*కేవలం విని ఆనందించేవాళ్లకు.* మీకు గిరాకీతో పని లేదు. 2022లో అమెరికాలో గ్రామఫోను రికార్డులు 1987 తరవాత మొదటిసారి సీడీలకన్నా ఎక్కువ ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ మోజు ఇక్కడికీ వచ్చింది. కొంటే పాత రాక్ కొనండి. రికార్డుకు ఒక వైపు ఇరవై నిమిషాల చొప్పున, పాటల వరస చూసుకొని కట్టిన ఆల్బమ్‌లు అందులోనే ఎక్కువ. ధర చూసి గుండె దిటవు చేసుకోవాలి.

*కార్యక్రమం నిర్వహించేవాళ్లకు.* డీజేకి పావుగంటలో ఏర్పాట్లు అయిపోతాయి. ర్యాపరుకు రెండు మైకులు, ఒక పెన్‌డ్రైవు చాలు. బ్యాండుకు డ్రమ్స్ ఒక్కదానికే నాలుగైదు మైకులు, ప్రతి వాయిద్యానికీ విడిగా తీగ, సౌండ్ చెక్‌కు కనీసం గంటన్నర కావాలి. బడ్జెట్ బిగువుగా ఉండి, మైదానం పెద్దదై, వేళ మించిపోతుందన్న భయం ఉంటే డీజేని పిలవడమే తెలివి. టికెట్టు పెట్టి సినిమా పాటలు పాడిస్తే ప్రదర్శన హక్కుల లైసెన్సు సంగతి ముందే చూసుకోవాలి. సమయం ఉండి, వేదిక మీద నిజంగా ఎవరో చెమటోడ్చి వాయిస్తున్నారన్న ఊపు కావాలంటే బ్యాండుకు సాటి లేదు. కాని సగం పాటలైనా జనం నోటికి వచ్చిన తెలుగు పాటలై ఉండాలి.

ఆ కార్యదర్శి అమ్మాయి చివరికి బ్యాండునే పిలిచింది. సౌండ్ చెక్‌కు గంటన్నర అడిగితే ఉపన్యాసాలు పోను నలభై నిమిషాలు మిగిలాయి. డ్రమ్స్ మైకు ఒకటి చివరిదాకా గురగుర అంటూనే ఉంది. రెండో పాటకు పాత సినిమా బాణీని రాక్ లయలో అందుకున్నారు. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు మర్యాదగా చెవి మీద చేయి పెట్టుకున్నారు, వెనక వరసల్లో పిల్లలు కుర్చీలెక్కారు.